మా బీరువాలో విరివిగా దొరికే చెట్టు

నాకు కోపం ఎక్కువని మా వాళ్లంతా అంటారు. అలా అన్నవాళ్లలో ఒక్కరికీ నేను ఎందుకు కోప్పడ్డానో గుర్తుండదు. గిన్నె విసిరేసిన చప్పుడు మాత్రం బాగా గుర్తుంటుంది. ఇప్పుడు రాసేది కూడా ఒక కోపం గురించే. అందులో కొంత నా మీద నాకున్న కోపం కూడా ఉంది. దాన్ని దాచుకోను.

డెబ్బైల మొదట్లో రాయగడలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. అప్పటికి రాయగడ కోరాపుట్ జిల్లాలోనే ఉండేది. మా నాన్న రైల్వేలో ఫిట్టరు. విజయనగరం వైపు నుంచి బదిలీ మీద వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లే ఉద్దేశం లేక అక్కడే ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు, సంతలో ఈ మూడూ కొండవాళ్ల దేశియాతో కలిసిన భాష మాట్లాడుకుంటూ పెరిగాను. నాలుగు భాషల్లోనూ దెబ్బలాడగలను.

మా డిపార్టుమెంటులో ఉన్నది ముగ్గురం. హెడ్డు గారు, నేను, పార్వతీపురం నుంచి వచ్చిన ఒక ముసలి అటెండరు. హెడ్డు గారిది తాతల కాలం నుంచి దివాణాల్లో కాగితాలు రాసిన కుటుంబం. కాగితం మీద ఉన్నదే ఉన్నట్టు, లేనిది లేనట్టు అనే నమ్మకం ఆయనకు పుట్టుకతో వచ్చింది. ఇంటర్వ్యూలో ఆయన నా మార్కులు చూడలేదు. దరఖాస్తు మీద నా చేతిరాత చూశారు.

"బాగుందమ్మీ. మన హెర్బేరియం లేబుళ్లన్నీ నువ్వే రాయాలి," అన్నారు.

హెర్బేరియం అంటే ఎండబెట్టిన మొక్కల బీరువా. విద్యార్థులు తెచ్చిన మొక్కను పాత వార్తాపత్రికల మధ్య పెట్టి, బరువు వేసి అణుస్తాం. చెమ్మ పీల్చిన కాగితాలు తీసి రోజూ కొత్తవి పెడతాం. ఆరిన మొక్కను పురుగు పట్టకుండా విషం కలిపిన స్పిరిట్లో ముంచి, దళసరి కాగితానికి కుట్టి, కింద కుడి మూల లేబులు అంటిస్తాం. ఆ లేబులు మీద మొక్క పేరు, దొరికిన చోటు, ఎలాంటి నేల, ఎంత విరివిగా ఉంది అన్నవి ఇంగ్లీషులో రాయాలి. విషంలో ముంచడం, లేబులు రాయడం, రెండూ నా పనులే. రెండింటిలోనూ నాకు వంక పెట్టడానికి ఎవరికీ సందు ఉండేది కాదు.

ఆ బీరువాలో ఒక అర నిండా ఒకే మొక్క ఉండేది. వానాకాలంలో బావి గోడల మీద మొలిచే ఫెర్నులు అందరికీ తెలుసు. ఇది వాటి జాతే గాని చెట్టు. ఈతచెట్టులా ఒంటి మాను, మాను మీద రాలిన ఆకుల మచ్చలు, నల్లటి ముళ్లు, పైన విచ్చిన గొడుగులా ఆకులు. పువ్వు పూయదు, కాయ కాయదు. ఆకు అడుగున గోధుమరంగు పొడి ఉంటుంది, ఆ పొడిలోంచే పుడుతుంది. పెద్ద చెట్ల కింద ఎండ నేల మీద పడని చోట, ఏడాది పొడుగునా మట్టి తడి ఆరని చోట తప్ప బతకదు. అది పెరిగే తీరు చూస్తే మన ఓపిక చాలదు. పెరిగేదంతా మాను కొసన ఉన్న ఒక్క మొవ్వు నుంచే. మొవ్వు కోశామంటే చెట్టు తల కోసినట్టే.

మా వాళ్లు కోసేది ఆ మొవ్వునే. ఎందుకంటే ఏటా ప్రాక్టికల్ పరీక్షలకు బయటి యూనివర్సిటీ నుంచి ఎక్స్‌టర్నల్ వచ్చేవాడు. ఆయన బల్ల మీద గాజు సీసాలో కొత్త మొవ్వు ఉండాలని హెడ్డు గారి పట్టుదల. చుట్టలు చుట్టుకుని, బంగారు రంగు నూగుతో, పసిపిల్లవాడి పిడికిలంత ముద్దుగా ఉండేది. ఎక్స్‌టర్నల్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇలాంటిది మా దగ్గర కూడా లేదండీ," అనేవాడు. వెళ్లేటప్పుడు సీసాతో సహా పట్టుకుపోయేవాడు. అందుకని మరుసటి ఏడు మళ్లీ కొత్తది కావాలి. ఇది ఎవరూ పెట్టని నియమం, ఎవరూ తప్పని నియమం.

దాని కోసం ఏటా శీతాకాలంలో హెడ్డు గారూ అటెండరూ ఆ ఏటి విద్యార్థులను బస్సులో కకిరిగుమ్మ వైపు తీసుకువెళ్లేవారు. ఊరు దాటి కొండ ఎక్కితే ఒక వాగు ఉంది. ఎప్పుడూ ఆ వాగుకే. అక్కడికి బస్సు వెళుతుంది కనక, దిగినచోట టీ దొరుకుతుంది కనక. సాయంత్రానికి మొవ్వూ, ఆకులూ గోనెసంచిలో వచ్చేవి. నేను బల్ల దగ్గర కూర్చుని లేబుళ్లు రాసేదాన్ని. మొదటి ఏడు హెడ్డు గారు నోటితో చెప్పారు: నీడగల వాగు ఒడ్డు, చెమ్మ నేల, కామన్. కామన్ అంటే విరివిగా దొరుకుతుందని. రెండో ఏడు ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. పాత లేబులు ముందు పెట్టుకుని కొత్తది రాశాను. మూడో ఏటికి పాతది చూడాల్సిన పని కూడా లేకపోయింది. అలా ఏడెనిమిదేళ్లు, ఒక్కసారి కూడా కళ్లతో చూడని చెట్టు గురించి, గుండ్రని అక్షరాలతో, కామన్ అని రాస్తూ పోయాను.

ఆ చెట్టు గురించి నన్ను మొదట నిలదీసింది సంతలో అడ్డాకులు అమ్మే ఒక కొండమనిషి. ఆమెది ఆ వాగు కింద ఊరు. వారం సంతకు అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు నెత్తిన పెట్టుకుని దిగేది. నాకన్నా పదేళ్లు పెద్దదై ఉంటుంది. మా అమ్మ విస్తళ్లకు ఆమె దగ్గరే ఆకులు కొనేది, ఆ రోజు నేను వెళ్లాను. పక్కన మా అటెండరు ఉన్నాడు. ఆమె అతన్ని గుర్తుపట్టి, నా వైపు తిరిగింది.

"నువ్వూ ఆ కాలేజీయేనేటి అమ్మి? మీ సదువుకునే గుంటలు మా వాగు కాడ సెట్లకి తలలు కోసేత్తన్నారు. ఏటికేడు వత్తారు, కోత్తారు, పోతారు. ఆ సెట్లున్న కాడే మాకు నీరు. ఇంక మానుకోమని సెప్పు."

నేను చదువుకున్నదాన్ని. చెట్టు ఉండడం వల్ల నీరు రాదనీ, నీరు ఉంది కనక ఆ చెట్టు ఉందనీ నాకు తెలుసు. ఆ ముక్కే చెప్పాను. అంతటితో ఊరుకుంటే బాగుండేది. సంతలో నలుగురి ముందు ఒక ఆకులమ్మేది నాకు నీతులు చెబుతోందన్న మంట ఒకటి. "అది గవర్నమెంటు అడివి. నీ పెరడు కాదు. అక్కడ అలాంటివి బోలెడున్నాయి, మా దగ్గర రాసుంది," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. "నువ్వు సూసేవా?" అంది.

నేను ఆకులు తీసుకుని వచ్చేశాను. దారంతా ఆమెను తిట్టుకున్నాను. ఆ కట్టలో ఆకులన్నీ చిల్లులేనని ఇంట్లో అబద్ధం కూడా చెప్పాను.

అయినా ఆ మాట ముల్లులా ఉండిపోయింది. డెబ్బైల చివర్లో ఒక ఏడు హెడ్డు గారికి కాలు మడమ బెణికి, విద్యార్థులను నన్ను తీసుకెళ్లమన్నారు. వెళ్లాను. బస్సు దిగి, టీ తాగి, కొండ ఎక్కాం. వాగులో దిగగానే చల్లదనం ఒంటికి తగిలింది. పెద్ద మానుల నీడ, కాళ్ల కింద మెత్తటి నాచు, ఎక్కడో రాతి కింద నీటి చప్పుడు. నేను లేబుళ్ల మీద రాసినదంతా అక్కడ ఉంది, ఆ ఒక్క మాట తప్ప.

ఒడ్డు పొడుగునా మొండాలు. ఒకటి మోకాలెత్తు, ఒకటి నడుమెత్తు, ఒకటి నా కన్నా ఎత్తు. మొండాల నెత్తిన నాచు, కొన్నింటికి పుట్టగొడుగులు. పాతవి చేత్తో తాకితే పొడిగా రాలుతున్నాయి. ఏ మొండెం ఏ ఏటిదో పోల్చుకోవచ్చు, బీరువాలోని అరలాగే వరసగా ఉన్నాయి. వాగు మొదట్లో, ఎక్కడానికి కష్టమైన రాయి పక్కన, మూడు బతికి ఉన్నాయి. ఆ చుట్టుపక్కల రెండు గంటలు వెతికించాను. ఇంకొకటి లేదు. ఇంకో వాగుకు వెళ్లి చూద్దామంటే విద్యార్థులు బస్సు వేళయిందన్నారు.

కంచే చేను మేసినట్టని మనవాళ్లు అంటారు. మేం మేసినంత శ్రద్ధగా ఏ పశువూ మెయ్యదు.

మొవ్వు ముట్టుకోవద్దన్నాను. పొడి పట్టిన ముదురాకు ఒక్కటి నేనే కోసి సంచిలో పెట్టుకున్నాను. కిందికి దిగుతుంటే ఆ అడ్డాకుల మనిషి తన ఇంటి ముందు నిలబడి మా సంచుల వైపు చూసింది. నేను ఆగలేదు.

మర్నాడు హెడ్డు గారితో చెప్పాను. మూడే మిగిలాయి, ఇక కొయ్యకూడదు, లేబుళ్లు మార్చాలి అన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి బీరువా వైపు చెయ్యి చూపించారు.

"అమ్మీ, ఆ అరలో నలభై షీట్లకు పైనున్నాయి. ఒక్క ఊళ్లోంచి, ఒక్క వాగులోంచి, ఏటా వచ్చేయి. ఏ ఒక్క ఏడూ లేకపోలేదు. అరుదైన మొక్క అయితే అన్ని షీట్లు ఎలా వచ్చేయి?"

"సార్, అవన్నీ అక్కడివే. అక్కడివి ఇక్కడికి తెచ్చేసేం కనకే అక్కడ లేవు."

"ఒక్క పూట చూసి వచ్చి, ఇన్నేళ్ల రికార్డు తప్పంటావేటి?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటే సర్దుకోవచ్చు. ఆయన కుందేళ్లన్నీ తినేసి, తోళ్లు చూపించి, చూడు ఎన్ని కుందేళ్లున్నాయో అంటున్నారు. ఆ మాట పైకే అన్నాను. అటెండరు గబగబా బయటికి వెళ్లిపోయాడు.

నేను తెచ్చిన ఆకును అణిచి, ఆరబెట్టి, లేబులు రాశాను. ఎంత ఉంది అన్నచోట, చాలా అరుదు, మూడు చెట్లు, అని రాశాను. ఇంకా విషంలో ముంచలేదు, కుట్టలేదు. హెడ్డు గారు ఆ లేబులు తీసి రెండుగా చింపారు. "రికార్డు పాడుచెయ్యకు," అన్నారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఏడుపుతో కాదు. ఆకును వార్తాపత్రికల్లోనే చుట్టేసి బీరువా నెత్తిన పడేశాను. మీ రికార్డు మీరే కుట్టుకోండి అనుకున్నాను.

ఆ ఏడు కూడా పరీక్షల నాడు ఎక్స్‌టర్నల్ బల్ల మీద సీసాలో కొత్త మొవ్వు ఉంది.

అటెండరును స్టోరు గదిలో పట్టుకున్నాను. ఆయన తల దించుకున్నాడు.

"నన్నేటి సెయ్యమంటావమ్మా. పెద్దాయన ఎల్లమన్నాడు, ఎల్లేను. ఆడపిల్లవి నువ్వు ఒద్దన్నావని ఆయనకి రోసం వచ్చింది. లేపోతే ఈ ఏడు ఒగ్గీసేవోడే."

అంటే నేను నోరు మూసుకుని ఉంటే ఆ చెట్టు బతికేదని ఆయన ఉద్దేశం. ఆ ముసలాయన మీద విరుచుకుపడ్డాను. పెద్దాయనను అనలేనివన్నీ ఆయన్ని అన్నాను. మరుసటి ఏడు నుంచి ఆయన ఆ కొండ ఎక్కనన్నాడు, పరీక్షల బల్ల మీద సీసా పెట్టడం ఆగిపోయింది.

రెండు మూడేళ్లు పోయాక కోరాపుట్‌లోని ఒక ఆఫీసు నుంచి కాలేజీకి ఉత్తరం వచ్చింది. ఎవరో కంట్రాక్టరు ఆ కొండవాలు మీద కంకర కొట్టడానికి అర్జీ పెట్టుకున్నాడట. అక్కడ కాపాడవలసిన అరుదైన మొక్కలేవైనా ఉన్నాయా, తెలియజేయమని అడిగారు. హెడ్డు గారు బీరువా తెరిచి, లేబుళ్లు చూసి జాబితా తయారు చేశారు. ఆ చెట్టు ఎదురుగా కామన్ అని రాశారు. సాక్ష్యానికి నాలుగు షీట్లు కూడా జతచేసి పంపారు. నాకు తెలిసేసరికి ఉత్తరం వెళ్లిపోయింది.

నేను సొంతంగా ఒక అర్జీ రాసి, సెలవు పెట్టి, కోరాపుట్ బస్సెక్కాను. ఆ ఆఫీసరు కోస్తా నుంచి వచ్చిన తెలుగాయనే. కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు, నేను చెప్పిందంతా విన్నాడు. నా అర్జీ బల్ల మీద పెట్టి, దాని పక్కన మా కాలేజీ షీట్లు నాలుగూ పరిచాడు. కాసేపు దాన్నీ వాటినీ చూశాడు.

"మేడమ్, ఈ లేబుళ్లు ఎవరు రాసేరు?"

"నేనే."

"చూసే రాసేరా?"

"లేదండీ. చూడకుండా రాసేను."

"అంత గుండ్రంగా, అన్నేళ్లు, చూడకుండా రాసేరు." ఆయన ఎగతాళి చెయ్యలేదు. నిజంగానే అడిగాడు. "ఈ అర్జీ కూడా అదే చేతిరాత. ఇది మటుకు చూసి రాసేరని నేను పైవాళ్లకి ఎలా చెప్పను?"

వచ్చి చూడండి అన్నాను. వస్తానన్నాడు. ఆయనకు తీరే లోపల బదిలీ అయింది. ఆయన మీద నాకు కోపం లేదని చెబితే అబద్ధం. కానీ ఆ ప్రశ్నలో తప్పు వెతుకుదామని చాలాసార్లు కూర్చున్నాను, దొరకలేదు.

కంకర కొట్టే క్రషర్ వచ్చింది. ముందు పెద్ద మానులు పోయాయి. నీడ పోయింది. మిగిలిన రెండు చెట్లనూ ఎవరూ కొయ్యలేదట, ఎండకు ఆకులు మాడి, ఒక వేసవిలో వాటంతట అవే పడిపోయాయట. ఇది అటెండరు చెప్పాడు. నేను వెళ్లి చూడలేదు. ఈసారి కూడా చూడలేదు.

ఆ తరవాత ఒక సంతనాడు మధ్యాహ్నం, ల్యాబు గుమ్మంలో ఆ అడ్డాకుల మనిషి నిలబడింది. నెత్తిన ఖాళీ గంప. అటెండరు వెనకాల బిక్కుబిక్కుమంటూ ఉన్నాడు. ఆయనే దారి చూపించి ఉంటాడు.

"మా సెట్లన్నీ మీ కాడున్నాయంట. సూపించు," అంది.

హెడ్డు గారు ఆ రోజు లేరు. బీరువా తెరిచాను. ఒక్కొక్క షీటూ తీసి బల్ల మీద పెట్టాను. ఆమె వంగి ప్రతి ఆకునూ చూసింది. ముట్టుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

"ముట్టుకోకు. విషం ఉంది."

"ఇసమా? సచ్చిన ఆకుకి ఇసమేటి?"

"పురుగు తినకుండా."

"పురుగు తింటే తినీది. మీరు తినలేదేటి?"

నేను తల వంచుకుని షీట్లు సర్దుతున్నాను. నలభై పైచిలుకు, ఎక్కడా మరక లేకుండా, పురుగు కాటు లేకుండా, నా అక్షరాలతో. అంత పరువుగా చేసిన పని ఇంకోటి నా జీవితంలో లేదు. ఆ బీరువాను అగ్గిపెట్టెతో సహా ఆమె చేతికి ఇచ్చేద్దామనిపించింది.

ఆమె చివరి షీటు దాకా ఆగింది. అప్పుడు అడిగింది.

"వీటిలో మొలిసీది ఏదైనా ఉందా?"

"లేదు," అన్నాను.

ఆమె గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. నేను షీట్లు ఒక్కొక్కటీ తిరిగి అరలో పెట్టసాగాను. ఆ ప్రశ్న ఒక తెలివితక్కువ మనిషి అడిగింది కాదు. మా డిపార్టుమెంటులో ఇన్నేళ్లలో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. నేను జవాబు చెప్పిన తీరు కూడా లేబుళ్లు రాసిన తీరే. చూడకుండా చెప్పాను. విషంలో ముంచనిది ఒకటి బీరువా నెత్తిన ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

కుర్చీ ఎక్కి ఆ పొట్లం దించాను. దుమ్ము కొట్టుకుపోయి ఉంది. వార్తాపత్రిక మడత విప్పితే, అక్షరాల మీద సన్నటి గోధుమరంగు పొడి రాలి ఉంది, చిటికెడు.

ఫెర్ను పొడి మొలిపించడం డిమాన్‌స్ట్రేటర్లందరికీ వచ్చు. ఏటా విద్యార్థులకు చూపించడానికి మామూలు ఫెర్నులతో చేసేదే. ఇటుక ముక్కను మరిగే నీటిలో ఉడికించి, మట్టి మూకుట్లో పెట్టి, మూకుట్లో నీళ్లు పోసి, తడిసిన ఇటుక మీద పొడి చల్లి గాజు గిన్నె బోర్లిస్తాం. ఈసారి కాలేజీలో కాకుండా ఇంట్లో, నీళ్ల గది కిటికీ దగ్గర పెట్టాను. మా అమ్మ ఇటుకకు పూజ చేస్తున్నావా అని అడిగింది.

రెండు నెలలు ఏమీ లేదు. ఆ తరవాత ఇటుక మీద పచ్చటి పూతలాంటిది వచ్చింది. భూతద్దం పెట్టి చూస్తే చిన్న చిన్న రేకులు, ఒక్కొక్కటి చింతాకులో సగం. సగానికి పైగా నాచు మింగేసింది. ఇంకొన్ని నేను ఆత్రపడి నీళ్లెక్కువ పోసినందుకు కుళ్లిపోయాయి. మిగిలిన వాటిలో నాలుగింటికి ఆకు వచ్చింది. వేసవి గాలికి మూడు పోయాయి. ఒక్కటి మిగిలింది. దాన్ని కుండీలోకి మార్చి, రెండేళ్లు సాకాను. పెళ్లి సంబంధాలు వచ్చినప్పుడు కూడా నేను అంత జాగ్రత్త పడలేదని మా నాన్న అనేవారు. జానెడు ఎత్తయింది. కొత్త ఆకు చుట్టలు చుట్టుకుని వచ్చినప్పుడల్లా దాని మీద బంగారు నూగు కనిపించేది. నేను ఎవరికీ చెప్పలేదు, హెడ్డు గారికి అసలే చెప్పలేదు.

వానలు పట్టాక కుండీని తడి గోనె చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. దిగినచోట టీ దుకాణం పెద్దదైంది, లారీలు ఆగి ఉన్నాయి. దారి పక్క చెట్ల ఆకులన్నీ తెల్లగా ఉన్నాయి, కంకర దుమ్ము వానకు కూడా పోలేదు. వాగు ఉన్నచోట రాళ్ల మధ్య పిడికెడు నీరు పారుతోంది.

ఆమె ఇంటి ముందు అడ్డాకులు కడుతోంది. కుండీ చూసి లేచింది. గోనె విప్పాను. ఆమె ఆకును తిరగేసి అడుగు చూసింది, కాడ మీది నూగు వేలితో రాసి చూసింది.

"మొలిసీది లేదన్నావు."

"ఒకటుంది. అప్పుడు తెలీదు."

"నీకెప్పుడు తెలిసింది గనక," అంది. కుండీ అందుకుంది. "నీడ కూడా తెచ్చేవా?"

ఆ సంతలో అన్న మాటకు క్షమించమందామని దారంతా అనుకుంటూ వచ్చాను. గవర్నమెంటు అడివి అన్న ఆ మాట. నోరు తెరిచేలోపే ఆమె అరుగు చూపించింది.

"నువ్విక్కడే కూకో. నా ఎనక రాకు."

కుండీ పట్టుకుని ఇంటి వెనక కొండదారి ఎక్కిపోయింది. నేను కూర్చున్నాను. క్రషర్ ఆగి ఆగి చప్పుడు చేస్తోంది. ఎంతసేపటికో తిరిగి వచ్చింది. మోచేతుల దాకా నల్లటి మట్టి, చేతిలో ఖాళీ కుండీ. ఆ నలుపు చూసి, ఇంకెక్కడో తడి ఆరని నేల ఉందని అర్థమైంది. మా బస్సు వెళ్లని చోట.

"ఎక్కడ నాటేవు?" అన్నాను.

"సెప్పను."

"బతికితే కబురైనా పెట్టు."

ఆమె చేతులు కడుక్కుంటూ నా వైపు చూడకుండా చెప్పింది. "బతికితే పెట్టను. బతికిందని తెలిత్తే మీ గుంటలు సంచులట్టుకొచ్చేత్తారు. సచ్చిపోతే సెప్తాను. అప్పుడు రాసుకో."

ఖాళీ కుండీ నా చేతిలో పెట్టింది. బస్సులో వస్తూ దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను. నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే తేలికగా ఉండేది.

కాలేజీకి వచ్చి ఆ విషం లేని ఆకును షీటుకు కుట్టాను. లేబులు రాశాను. దొరికిన చోటు దగ్గరా, ఎంత ఉంది అన్న దగ్గరా ఏమీ రాయలేదు. హెడ్డు గారు చూసి, ఖాళీలు ఎందుకు వదిలావన్నారు. తెలీదు సార్, తెలీకుండా రాయను అన్నాను. ఆయన రిటైరవడానికి దగ్గర్లో ఉన్నారు, వాదించే ఓపిక లేదు. దాన్ని మిగతా వాటితోబాటు అరలో పెట్టి బీరువా తాళం వేశారు.

రాయగడ వదిలేదాకా నేను ఒక్క సంత కూడా తప్పలేదు. ప్రతిసారీ ఆమె ముందు నిలబడి అడ్డాకుల కట్టలు రెండు అడిగేదాన్ని. ఆమె కట్టలు ఇచ్చేది, నేను తీసుకునేదాన్ని, ఇంకాసేపు నిలబడేదాన్ని. మా ఇంట్లో తినే నలుగురికీ ఇన్ని విస్తళ్లు ఎందుకని మా అమ్మ తిట్టేది. వంటింటి మూల ఆకులు గుట్టలు పడి ఎండిపోయేవి. ఆమె వానల గురించి చెప్పేది, చీపుర్ల ధర చెప్పేది, ఒకసారి మనవడు పుట్టాడని చెప్పింది. ఆ మొక్క చచ్చిపోయిందని మాత్రం ఒక్కనాడూ చెప్పలేదు.